బర్రెల చెవులు చదివే కరుణాకర్

నీ ఉద్యోగమేమిటని అడిగితే కరుణాకర్ "బర్రెల చెవులు చదువుత" అంటాడు. మెట్‌పల్లి వైపు ఒక మండలంలో పశువుల దవాఖానలో కంప్యూటర్ ఆపరేటర్. పదహారేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. "ఏడుగురు డాక్టర్లు మారిండ్రు, ఫ్యాను రెండుసార్లు మారింది, నేనే మారలే" అని తనే చెప్పి తనే నవ్వుతాడు.

చెవులు చదవడం వట్టి మాట కాదు. గాలికుంటు టీకా వేసేటప్పుడు ప్రతి పశువు చెవికి ఒక పసుపురంగు బిళ్ల వేస్తారు. దాని మీద పన్నెండు అంకెలు, వాటి పక్కన బార్‌కోడ్ ఉంటాయి. టీకాలు వేసేవాళ్లు ఇల్లిల్లూ తిరిగి ఆ బిళ్లను ఫొటో తీసి పంపుతారు. అంకెలు చూసి యజమాని పేరు పక్కన ఎక్కించడం కరుణాకర్ పని. ఒక్క ఊరివే నూట పన్నెండు ఫొటోలు. కళ్లద్దాలు మార్చినా మూడుకు ఎనిమిది పడేది.

అలాంటప్పుడు ఆయనకు ఇంటర్నెట్‌లో ఒక ఉచిత ప్రోగ్రాం దొరికింది. దానికి బొమ్మలూ బటన్లూ ఏమీ లేవు. నల్ల తెర మీద దాని పేరూ ఫొటోలున్న ఫోల్డర్ పేరూ టైపు చేసి ఎంటర్ నొక్కాలి. ఫొటోల్లో కనిపించిన బార్‌కోడ్‌లన్నీ చదివి ఒక్కో నంబరును ఒక్కో వరుసలో రాసిపెడుతుంది. రెండు రోజుల పని చాయ్ చల్లారేలోపు అయిపోయింది. పేర్లూ ఫొటోల వరుసలోనే ఉన్నాయి కాబట్టి, ఆ నంబర్లన్నీ తెచ్చి వరుసగా పేర్ల పక్కన అతికించాడు. నూట పన్నెండు పేర్లకు నూట పన్నెండు నంబర్లు. లెక్క కుదిరింది. డాక్టరు వచ్చి వెనక నిలబడి చూశాడు. పదహారేళ్లలో అది మొదటిసారి.

ఆ వారం నేనూ పోయి, ఫొటో తీస్తే చాలు, బర్రె ఎవరిదో కంప్యూటర్ చెప్పేస్తుందని పేపర్లో రాశాను. ఒక్క నంబరయినా సరిచూశారా అని అడగలేదు. నేను సరిచూసుకున్నది వార్త కింద నా పేరు వచ్చిందా లేదా అన్నదే.

మూడు నెలల తర్వాత, ఆ ఊళ్లోనే బీడీలు చేసుకుని బతికే కిష్టవ్వ బర్రె పలుపు తెంపుకుని ఎవరిదో పసుపు చేనులో పడింది. చేనువాళ్లు తోలుకొచ్చి పంచాయతీ బందెల దొడ్డిలో పెట్టారు. అది ఈని పన్నెండు రోజులే అయింది. ఇంటి దగ్గర దుడ్డె పాలు లేక అరుస్తోంది. తెల్లారగానే కిష్టవ్వ దొడ్డికి వచ్చింది. పంచాయతీ కార్యదర్శి భవ్యశ్రీ చెవి బిళ్ల నంబరును కరుణాకర్ జాబితాలో చూసింది.

"అవ్వా, గీ నంబర్ మీద నీ పేరు లేదు. లచ్చయ్య పేరున్నది."

"పేరు లేకుంటె పాయె. బర్రె ఉన్నది గదా. నన్ను జూసి ఎట్ల అరుస్తుందో ఇనస్తలేదా?"

"రేపు లచ్చయ్య అచ్చి అడిగితె నేనేం చెప్పాలె?"

లచ్చయ్య అక్కడే ఉన్నాడు. ఆమె పక్కింటివాడు. ఇళ్ల నడిమి గోడ మీద ఇద్దరికీ రెండేళ్లుగా తగాదా. "నేనేమన్న అన్ననా? కంప్యూటరే అంటున్నది. సదువుకున్న మిషిని మాట కాదంటె ఎట్ల?" అన్నాడు.

కరుణాకర్‌కు కబురు వెళ్లింది. ఇంకో వార్త దొరుకుతుందని నేనూ ఆయన బండి వెనక కూర్చున్నాను. ఆయన గోడ అవతలి నుంచే బర్రె చెవిని ఫొటో తీసి, ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి ప్రోగ్రాం నడిపాడు. అదే నంబరు వచ్చింది. జాబితాలో అది లచ్చయ్యదే.

"నీ డబ్బల ఏమున్నదో నాకెర్కలే కొడుకా," అంది కిష్టవ్వ. "దుడ్డె సచ్చిపోతె నీ డబ్బ పాలిస్తదా?"

కరుణాకర్ టీకాల నాటి ఫొటోల్లో కిష్టవ్వది వెతికి, ఆ ఒక్కదాన్నే చదివించాడు. మళ్లీ అదే నంబరు. అంటే ఫొటో ప్రకారం బర్రె కిష్టవ్వది, జాబితా ప్రకారం లచ్చయ్యది. మొదటి ఫొటో నుంచి ఒక్కొక్కటీ చదివించుకుంటూ వచ్చాడు. నలభై ఒకటోది రాజయ్య బర్రె. దాన్ని దాణా బస్తా ముందు నిలబెట్టి ఫొటో తీశారు. ఆ ఒక్క ఫొటోకే రెండు నంబర్లు వచ్చాయి, ఒకటి చెవి బిళ్లది, రెండోది బస్తాది. అక్కడి నుంచి ప్రతి నంబరూ ఒక పేరు కిందికి జారింది. డెబ్బై ఎనిమిదో ఫొటోలో బిళ్ల మీద పేడ ఉంది, అందులోంచి నంబరే రాలేదు. అక్కడ వరుస మళ్లీ కలిసింది. మొత్తం లెక్క కుదిరింది అందుకే.

"నంబర్ ముందట అది ఏ రకం బార్‌కోడో గుడ రాస్తది అన్నా గిది," అన్నాడు నాతో మెల్లగా. "బస్తాది దుకాణం సరుకని చెప్పేటిదే. సూడనీకి మంచిగ లేదని నేనే బంద్ చేసిన."

భవ్యశ్రీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "అన్నా, బిళ్ల ఊడిపోయిందని రాసి కొత్తది ఏపిద్దాం. ఎవ్వలకు తెల్వది. మీ కాంట్రాక్టు గీ నెలనే గదా అయిపోయేది."

"కొత్త బిళ్ల ఎయ్యాలంటె డాక్టర్ సారు రావాలె. సారు జగిత్యాల మీటింగుకు పోయిండు. పొద్దుగూకినంక గాని రాడు."

దొడ్డిలో బర్రె మళ్లీ అరిచింది. పొదుగు రాయిలా బిగిసి ఉంది. కరుణాకర్ ల్యాప్‌టాప్ మూసి లేచాడు.

"జర ఇనుండ్రి. తప్పు బర్రెది గాదు, కంప్యూటర్ది గాదు, నాది. ముప్పై ఆరు ఇండ్ల బర్రెలను ఒక్కొక్క ఇల్లు అవుతలికి జరిపిన. పర్శరాములన్న పేరు మీద ఏకంగ దాణా బస్తానే ఎక్కించిన. పదమూడు అంకెలున్నయి, లెక్కపెట్టలే. గీ బర్రె కిష్టవ్వదే."

గుంపులో నవ్వులు లేచాయి. "బస్తాకు టీకా గుడ ఏసినవా?" అన్నారెవరో.

"ఏసినట్టే రాసుకున్నం," అన్నాడు కరుణాకర్.

లచ్చయ్య నవ్వలేదు. "అయితె నా బర్రె ఎవని పేరు మీదున్నది?"

"నీ అవుతలింటి శంకరవ్వ పేరు మీద."

"ముందుగాల కాయితం రాయి. కిష్టవ్వది కిష్టవ్వకియ్యి, నాది నాకు జెయ్యి."

కరుణాకర్ తెల్ల కాగితం మీద తన తప్పు రాసి సంతకం పెట్టాడు. లచ్చయ్యా పెట్టాడు. కిష్టవ్వ వేలిముద్ర కోసం చూసేసరికి ఆమె బర్రెను తోలుకుని వీధి మలుపు దాకా పోయింది.

"అవ్వా, వేలిముద్ర," అని పిలిచాడు.

"దుడ్డె తాగినంక ఏస్త. ఇంటికే రా. లచ్చయ్య ఇల్లు అనుకోని అండ్ల జొరబడకు."

కరుణాకర్ కాగితమూ ఇంకు ప్యాడూ పట్టుకుని వెంట నడిచాడు. దుడ్డె పొదుగు అందుకుని అరుపు ఆపేదాకా కిష్టవ్వ వేలు చాపలేదు. అప్పటికే రెండిళ్ల అవతల గుమ్మంలో శంకరవ్వ నిలబడి ఉంది.

"ఓ సారూ, మా కొట్టంల ఉన్నది ఎవ్వల బర్రె?"