కోఫీ చెప్పలేకపోయిన ‘పోయొస్తా’

నా ఫోనులో ఐదారేళ్లుగా మోగుతున్న ఒక ఆఫ్రికా పాట ఉంది. చివర్లో వాయిద్యాలన్నీ ఆగిపోయాక గాయకుడు మెల్లగా “పోయొస్తాక్కా” అంటాడు. మొదటిసారి విన్నప్పుడు నా చెవులకేదో అయిందనుకున్నాను. పాట కింద అతని దేశం వాళ్లు రకరకాలుగా రాశారు. అది వాళ్ల పూర్వీకుల దేవత పేరని ఒకరు, పాతకాలపు కల్లు పేరని ఇంకొకరు. గుంటూరులో కూర్చుని నేనొక్కదాన్నే నవ్వుకున్నాను. తర్వాత ఒక ఇంటర్వ్యూలో అసలు సంగతి అతనే చెప్పాడు. అతని పేరు కోఫీ. ఘానా నుంచి ఇంజనీరింగ్ చదవడానికి నంద్యాల వైపు వచ్చి, ఆళ్లగడ్డలో ఒక మేడగదిలో అద్దెకున్నాడట. తిరిగి వెళ్లేరోజు, తనకు అన్నం పెట్టిన అక్కతో అనకూడని మాట అన్నాడట. అనాల్సిన మాటేమిటో రైల్లో పక్క సీటాయన చెబితే గానీ తెలియలేదట. ఎప్పటికైనా వెళ్లి ఆమె ఎదుట ఆ మాట అంటానన్నాడు. పోయినేడు జబ్బు చేసి చనిపోయాడు. ఆ మాట ఆమెకు చేరిందా లేదా అని నాకు మనసు మనసులో లేదు. వినిపించి రావడానికే బయల్దేరాను.

గుంటూరు నుంచి వచ్చేవాళ్లు పగటి బండే ఎక్కండి. గిద్దలూరు దాటాక నల్లమల సొరంగాలు వస్తాయి, కిటికీ పక్కన సీటు దొరికితే ప్రయాణం తెలియదు. నంద్యాల స్టేషన్ నుంచి బస్టాండుకు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు తీసుకున్నారు. ఆటో నడిపే ఆయనకు ఇక్కడ చదివిన ఆఫ్రికా విద్యార్థులు బాగానే గుర్తున్నారు. ఒకప్పుడు ఆదివారం వస్తే చేపల మార్కెట్ దగ్గర వాళ్లే కనిపించేవారని, బేరం మాత్రం మనవాళ్లకంటే గట్టిగా ఆడేవారని చెప్పాడు. నేనెందుకు వచ్చానో విని కాసేపు అద్దంలో నన్నే చూశాడు.

“సచ్చిపోయినోని కోసం ఇంతదూరం వచ్చినారా మేడం? ఉన్నప్పుడు రావాల గదా.”

బస్టాండు ఎదురుగా ఉగ్గాని, బజ్జీ తిని ఆళ్లగడ్డ పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. మగవాళ్లకు వంద లోపే అవుతుంది. గంట, గంటంపావు ప్రయాణం. ఎడమవైపు కూర్చుంటే వరిపొలాల అవతల నల్లమల కొండలు వెంటే వస్తుంటాయి. చెవుల్లో కోఫీ పాటలు పెట్టుకున్నాను. అతను చాలాకాలం పాడలేదు. ఊరికి తిరిగి వెళ్లి చిన్న స్టూడియో పెట్టి, వేరేవాళ్ల పాటలకు సంగీతం కట్టాడు. వాళ్లకు పేరొచ్చాక గానీ తాను మైకు ముందుకు రాలేదు. వచ్చాక ఇక వెనక్కి చూసుకోలేదు, అక్కడ అతని పాట లేకుండా పెళ్లి జరగదంటారు. తాను చేసిన ప్రతి పాట మొదట్లో టంగు టంగుమని ఒక చప్పుడు పెట్టేవాడు. అది విని జనం కోఫీ పాట అని గుర్తుపట్టేవారు. చర్చి గంట అనుకునేవారట చాలామంది.

అది గంట కాదని ఆళ్లగడ్డలో దిగాక తెలిసింది. రోడ్డు పక్కన శిల్పుల షెడ్లలో రాతిమీద ఉలి పడే చప్పుడది. ఇప్పుడు కటింగ్ మిషన్ల రొద, తెల్లటి దుమ్ము ఎక్కువ. ఉలి చప్పుడు కోసం చెవి రిక్కించాల్సి వచ్చింది. ఒక షెడ్డులో ఆఫ్రికా అబ్బాయి అనగానే, “కాఫీనా? రమణక్క ఇల్లు అడుగు” అని ఎదురుసందు చూపించారు. అతని పేరు ఈ ఊళ్లో కాఫీగా మారిపోయిందన్నమాట.

రమణక్కకు అరవై దాటి ఉంటాయి. ముందుగదిలో మెస్సు నడుపుతోంది, జొన్నరొట్టె, పప్పు, ఊరిమిండి అనే పచ్చడి. నేను తింటుంటే ఎవరి తాలూకని అడిగింది. కాఫీ గురించి వచ్చానని చెప్పగానే చేతిలో పిండి అట్లాగే ఉంచుకుని ఎదురుగా కూర్చుంది.

“వాడు బాగుండాడా పాపా?”

చెప్పాల్సిన మాట చెప్పలేక, అతను వెళ్లిన రోజు సంగతి అడిగాను. ఆమె ఆ రోజును ఏమాత్రం మరిచిపోలేదు. వాళ్ల దేశంలో శుక్రవారం పుట్టినవాడికే కోఫీ అని పేరు పెడతారట. తనకు కలిసొచ్చే రోజని శుక్రవారమే టికెట్ తీసుకున్నాడట. ఈమె ఇంట్లో శుక్రవారం పూట ఎవరినీ ఊరికి పంపరు.

“అసలే శుక్రారం. సంచి భుజానేసుకోని వాకిట్లో నిలబడి, ‘అక్కా, పోతాండా’ అన్యాడు. వస్తా అన్ల్యా. నాకు పాణం జల్లుమన్యాది. పలక్కుండా లోపలికి పోతి. రెండుసార్లు పిల్చినాడు. నేను పొయ్యికాడ్నే కూచుంటి.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “వాడికి తెల్దు పాపా. నాకు తెల్సు గదా.”

ఇక దాచలేకపోయాను. కోఫీ లేడని చెప్పాను. ఆమె ఏడవలేదు. లోపలికి వెళ్లి పొయ్యి ఆర్పి వచ్చింది. అతను పెద్ద గాయకుడయ్యాడని, చివరి మాట ఆమె కోసమే పాటలో పెట్టాడని చెప్పి ఫోను ఆమె ముందు పెట్టాను. ఉలి చప్పుడు వినగానే, అది తన మరిది ఉలి అని, కాఫీ ఎండలో గంటలకొద్దీ ఫోను పట్టుకుని అతని పక్కనే కూర్చునేవాడని చెప్పింది. పాట అర్థం కాకపోయినా కదలకుండా విన్నది. చివర్లో “పోయొస్తాక్కా” వచ్చింది. ఆమె పెదవులు కదిలేలోపు ఫోను ఇంకో పాట ఎత్తుకుంది.

“ఇంగోసారి పెట్టు. నేను పలికేలోపల అయిపాయ.”

మళ్లీ పెట్టాను. ఈసారి ఆమె లేచి వాకిట్లోకి వెళ్లి నిలబడింది. నేను ఫోను పట్టుకుని గడపలో నిలబడ్డాను. అతను “పోయొస్తా” అనగానే, “అక్కా” అనేదాకా కూడా ఆగకుండా, వీధికేసి చూస్తూ అంది. “పోయి రాప్పా. బేగా రా.”

తిరుగు బస్సులో నాకు దుఃఖం ఆగలేదు. ఇద్దరిలో ఒక్కరిది కూడా పెద్ద తప్పు కాదు. అతనికి ఒక మాట తెలియలేదు, ఆమెకు భయంతో నోరు రాలేదు. ఒక్క ఫోనుతో తీరిపోయేది. అతను నేరుగా వచ్చే చెప్పాలనుకున్నాడు, ఆమె వస్తాడనే అనుకుంది, అట్లా ఏళ్లు గడిచిపోయాయి. వాకిట్లో అక్క అన్న మాట నా చెవుల్లో ఉంది, అతనికి చేరవేసే దారి మాత్రం లేదు.

ఆళ్లగడ్డ వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. షెడ్లు చూడాలంటే మిషన్లు ఊపందుకోకముందే, పొద్దున వెళ్లండి. అన్నం తిన్న ఇంట్లో “పోయొస్తా” అని చెప్పి, లోపల్నుంచి జవాబు వచ్చేదాకా వాకిట్లోనే నిలబడండి. నంద్యాలకు బస్సులు చాలానే ఉన్నాయి, ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది.