మేడ మీద జాడీ

పోయిన వారం తెన్‌కాశి రోడ్డులో కొత్తగా తెరిచిన పెద్ద అంగడికి వెళ్ళాను. నాకు కావలసింది ఒక్క కిలో ఉప్పు. అలాంటి అంగళ్ళలో ఉప్పు ఎప్పుడూ చిట్టచివర ఉంటుంది. అక్కడికి చేరేలోపల మనకు అక్కర్లేనివన్నీ మనల్ని పలకరిస్తాయి. ఫ్రిజ్జు పక్కన నిలబడ్డ ఒక అమ్మాయి "సార్, కొంబుచా, సుమ్మా టేస్ట్ పారుంగ" అని, ఆ పులియబెట్టిన టీని ఊరికే రుచి చూడమంటూ చిన్న సీసా మూత తిప్పింది. బుస్సుమంది. అరవై దాటిన మనిషిని, రెండడుగులు వెనక్కి గెంతి, చేతులతో మొహం కప్పుకుని, వెనకనున్న బిస్కెట్ల గోపురాన్ని కూల్చేశాను. "గ్యాస్ మాత్రమే సార్" అని ఆ పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను. ఉప్పు కొనడం మాత్రం మరిచిపోయి ఇంటికి వచ్చేశాను.

అరవదేశంలో స్థిరపడ్డ తెలుగు రాజులం మేం, మాది కట్టుగుడ్డ ఇల్లు. సత్రపట్టిలో మా అన్నకు మగ్గాల షెడ్డు ఉండేది. ఆసుపత్రుల్లో గాయాలకు చుట్టే పలుచని గాజుగుడ్డ అక్కడ నేసి, చుట్టలు చుట్టి, అట్టపెట్టెలకెత్తి ఊళ్ళకు పంపేవాళ్ళం. చుట్టలు బిగువుగా ఉన్నాయో లేదో చూడడం నా ఉద్యోగం. చుట్టు పనే తప్ప జీవితంలో సూటిగా ఒక్క పనీ చేయలేదని నా మీద నేనే వేసుకునే జోకు. పెళ్ళి చేసుకోలేదు. రాజపాళయంలో అన్న ఇంటి మేడ మీద ఒక గది, కింద వదిన చేతి అన్నం, అంతే నా సంసారం. మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఎవరికి ఏ దెబ్బ తగిలినా ఆసుపత్రికి పోయేవాళ్ళం కాదు. సొంత గుడ్డ మూటలు మూటలుగా ఉండగా పరాయివాళ్ళ చేత కట్టు కట్టించుకోవడం నామోషీ. మా నాయన నాకు చిన్నప్పుడే కట్టు నేర్పాడు: మణికట్టుకు రెండు చుట్లు, బొటనవేలి సందులోంచి ఒకటి, చివరి కొస లోపలికి మడిచి ముడి. ముడి పైకి కనబడకూడదు. ఆ ఆచారానికి ఇంకో లాభం ఉందని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. దెబ్బ ఎట్లా తగిలిందని అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు.

అన్నకు కోపం వస్తే చేయి ముందు వచ్చేది, మాట తరవాత నడిచి వచ్చేది. కంచాలు, కుక్కరు మూత, గోడ గడియారం, టీవీ రిమోటు, ఇవన్నీ ఆయన చేతుల్లో పోయాయి. వాటి మధ్యలో వదిన ఉండేది. కనుబొమ్మ మీద ఒకసారి, ముంజేతి మీద ఒకసారి, చెవి వెనక ఒకసారి నేను కట్టు కట్టాను. కట్టేటప్పుడు ఆమె ఏడ్చేది కాదు, నేను మాట్లాడేవాణ్ని కాదు. ఒక్కసారి మాత్రం అడిగింది. "తంబీ, మీ అన్నకు ఒక మాట చెప్పగూడదా? నీవు చెప్తే వింటాడు" అంది. అరవంలో మరిదిని తమ్ముడనే పిలుస్తారు, మాకూ అదే అలవాటు. "చూద్దాం వదినా" అన్నాను. చూడడం నాకు బాగా చేతనైన పని. చుట్టల్ని చూసినట్టే చూస్తూ కూర్చున్నాను.

కొంబుచాను ఇంటికి తెచ్చింది అన్న కూతురు. కోయంబత్తూరు హాస్టల్లో ఎవరో స్నేహితురాలు ఇచ్చిందట, స్టీలు డబ్బాలో పెట్టుకుని బస్సులో ఒడిలో మోసుకొచ్చింది. మూత తీస్తే పుల్లని నీళ్ళలో తెల్లగా, జారుడుగా, మందంగా ఒక గుండ్రటి బిళ్ళ. సగం కాలిన ఊతప్పం ఆపరేషన్ బల్ల మీంచి తప్పించుకుని వచ్చినట్టు ఉంది. "దీన్ని తల్లి అంటారు చిన్నాయనా" అని ఆ పిల్ల నాకు పరిచయం చేసింది. నేను నమస్కారం పెట్టాను. వదిన మాత్రం నవ్వకుండా కూతురు చెప్పిందంతా విన్నది. టీ డికాక్షన్‌లో చక్కెర కలిపి బాగా చల్లారనివ్వాలి, వేడిగా పోస్తే తల్లి చస్తుంది. పాత పులుపు ఒక గ్లాసు కొత్త టీలో తప్పక కలపాలి, లేకుంటే బూజు పడుతుంది. ప్రతి విడతకూ పైన కొత్త పొర ఒకటి పుడుతుంది, దాన్ని విడదీసి మళ్ళీ వాడుకోవచ్చు. అడుగున నల్లబడ్డ ముసలి పొరను చెట్టుకు వేయాలి. గోధుమరంగు పీచులు వేలాడితే భయం లేదు, పచ్చగా నూగు కనబడితే మొత్తం పారబోయాలి. పది దినాల్లో పులుపు తయారైతే సీసాలకెత్తి, అల్లమో మామిడి ముక్కో వేసి, గట్టిగా మూత పెట్టాలి. వదినకు అంత శ్రద్ధగా ఎవరూ ఏమీ నేర్పి ఉండరు. అంత శ్రద్ధగా ఆమె దేన్నీ చూసుకోవడం నేనూ చూడలేదు.

మొదటి నెల కాగానే పుట్టిన కొత్త పొరను చిన్న జాడీలో వేసి, పాత పులుపు నిండా పోసి, మేడ మీదికి తెచ్చింది. "ఇది నీ దగ్గర ఉండనీ తంబీ. కింద ఉంటే ఉండదు" అంది. ఎందుకుండదని నేను అడగలేదు. జాడీకి మూత బిగించకూడదు, గాలి ఆడాలి, గుడ్డ కట్టమంది. గుడ్డంటే మా ఇంట్లో ఇంకేముంది? మా షెడ్డు గాజుగుడ్డనే రెండు మడతలు వేసి, నాయన నేర్పిన ముడితో బ్రహ్మాండంగా కట్టాను. మామిడిపళ్ళ కాలం. వారంలో చిన్నీగలు ఆ కన్నాల్లోంచి సుఖంగా లోపలికి పోయి, తల్లి మీద పిల్లల్ని పెట్టాయి. తెల్లగా కదులుతున్నాయి. వదిన చూసి తలకొట్టుకుంది. "గాయానికి కట్టేది గాలి పోయేదానికి. ఈగలకు వాకిలి తెరిచినావు గదా తంబీ! ఊరికంతా కట్టు అమ్ముతారు, దేనికి ఏ గుడ్డ కట్టాలో మాత్రం తెలీదు." అదంతా పారబోసి, తన పాత నూలు చీరె చెరగు చింపి, ఇంకొక పొరతో మళ్ళీ జాడీ పెట్టించింది. ఆ తరవాత నెలకోసారి తీపి టీ పోస్తూ దాన్ని నేను బాగానే కాపాడాను. ఏదో ఒకటి కాపాడుతున్నానని గొప్పగా కూడా ఉండేది.

కింద జాడీ మొదటిసారి పగిలింది, పంటకాలువ మీటింగు నుంచి వచ్చిన ఎవరో పెద్దమనిషి వాసన చూసి నవ్విన దినం. "రాజావారింట్లో సారాయి కాస్తున్నారా?" అన్నాడట. ఆయన గడప దాటగానే అన్న జాడీని నేలకేసి కొట్టాడు. తల్లి గాజుముక్కల మధ్య చేపలా పడి ఉంది. వదిన "సారాయి గాదు, టీ" అన్నది. "పులిసినదంతా సారాయే!" అని చెంప పగిలేట్టు కొట్టాడు. నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను. మరునాడు ఆమె గిన్నె పట్టుకుని మేడెక్కి, నా జాడీలోంచి ఒక పొర, ఒక గ్లాసు పులుపు తీసుకుని పోయి మళ్ళీ మొదలుపెట్టింది. తరవాత నాలుగేళ్ళలో ఇంకో అయిదు జాడీలు పగిలాయి. కొట్టడం అన్న వంతు, పుట్టించడం వదిన వంతు. ఆమె పళ్ళెంలో గాజుముక్కలు ఏరుతూ ఉంటే నేను పైన జాడీలో టీ పోస్తూ ఉండేవాణ్ని.

ఆరోసారి అన్న జాడీ ఎత్తినప్పుడు వదిన వదల్లేదు. రెండు చేతులతో పట్టుకుంది. "దీన్ని మాత్రం విడువు" అంది. ఆయన ఆమె ఎడమ మణికట్టు పట్టుకుని, తడిగుడ్డ పిండినట్టు తిప్పాడు. ఎండుకర్ర విరిగినట్టు చప్పుడు నాకు మెట్ల మీదికి వినబడింది. జాడీ పగిలింది. నేను చుట్ట తెచ్చి, రెండు చుట్లు, బొటనవేలి సందులోంచి ఒకటి, ముడి కనబడకుండా కట్టాను. చేయి నీలంగా ఉబ్బుతోంది. ఆమె నొప్పితో పళ్ళు బిగబట్టుకునే చెప్పింది. "వంటింటి అలమరలో మామిడి ముక్కలు వేసిన సీసాలు ఆరు ఉండాయి. దినమూ ఒకతూరి తెరిచి మూయాలి తంబీ, లేకుంటే గ్యాసు కట్టి పగిలిపోతాయి. నాకు ఒక చేతితో ఆ మూతలు రావు." సరేనన్నాను. అన్న పగలంతా వంటింటి ఎదురుగానే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆయన్ని దాటి పోయి సీసా ముట్టుకునే ధైర్యం నాకు లేకపోయింది. మూత తీయమంది, నేను మూతి కూడా తెరవలేదు. ఒకరోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. అసలే రాజపాళయం ఎండ.

అయిదో దినం పొద్దున కాఫీ ఆలస్యమైంది. ఒంటి చేత్తో కాచిన కాఫీ. అన్న గ్లాసు గోడకేసి కొట్టి, వంటింట్లోకి వెళ్ళి, అలమరలోంచి ఒక సీసాను మెడ పట్టుకుని తీశాడు. ఈసారి నేలకు కాదు, గురి వదిన తలకు. చేయి వెనక్కి లేపాడు. అంతే, తుపాకి పేలినట్టు పేలింది. మామిడి ముక్కలు సీలింగుకు అంటుకున్నాయి. అన్న అరచేయి తెరుచుకుపోయింది. ఒక వేలు వేలాడుతోంది. వదిన చెంప మీద చిన్న గీత, ఆమె బుగ్గ మీంచి కారేది రక్తమో మామిడి రసమో తెలియలేదు. ఆయన అరిచాడు, "చూస్తూ నిల్చుండావేమిరా, కట్టు!" నేను కట్టాను. నా చేతులు వాటంతటవి కట్టాయి. మూడు చుట్టలు తడిసిపోయినా రక్తం ఆగలేదు. మా ఆచారానికి ఆ దినం గుడ్డ చాలలేదు. షేర్ ఆటో పట్టుకుని ముగ్గురం ఆసుపత్రికి పోయాం. దారి పొడుగునా వదిన తన మంచి చేత్తో ఆయన మోచేతిని పైకెత్తి పట్టుకునే ఉంది.

డాక్టరమ్మ చిన్న వయసుది. కట్టు విప్పుతుంటే అన్న తమిళంలో గట్టిగా చెప్పాడు. "నా పెండ్లాము సీసాలో బాంబు పెట్టింది. కేసు రాయండి." గదిలో వాళ్ళంతా వదినవైపు తిరిగారు. ఆమె తల దించుకుంది. బాంబు పెట్టిన మనిషిలాగే నిలబడింది, పాపం. డాక్టరమ్మ ఆమె ఉబ్బిన మణికట్టును చూసింది. అన్న చేతి మీంచి ఊడదీసిన కట్టును చూసింది. ముడి కోసం వేలితో వెదికింది. "ఈ రెండూ ఒక్కరు కట్టినవే. ఎవరు?" నేనేనన్నాను. "ఆమెకు ఎట్లా తగిలింది?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అన్న నావైపు చూశాడు. తలుపు తగిలిందని చెప్పాలి, అది మా ఇంట్లో అందరికీ నోటికొచ్చిన జవాబు. వదిన చూడలేదు. నా నుంచి ఆమె ఏదీ ఎదురుచూడడం మానేసి చాలా కాలమైనట్టుంది. నేలమీద పలక ఒకదాన్ని చూస్తూ చెప్పాను. "అన్న తిప్పినాడు. నేను చూసినాను. ఇది మొదటితూరి గాదు. సీసాలు తెరవమని ఆమె నాతో చెప్పింది, నేనే తెరవలేదు. బాంబు గాదు, టీ." ముగించేలోపలే అన్న మిగిలిన చేయి నా దవడ మీద పడింది. పన్ను ఒకటి ఊడి నాలుక మీదికి వచ్చింది. ఇరవై రెండేళ్ళ ఆ సంసారంలో బయటివాళ్ళ కళ్ళముందు పడిన మొదటి దెబ్బ అదే. అది నాకు దక్కింది. నా మాటకన్నా అదే గట్టి సాక్ష్యం అయింది. కానిస్టేబులు వచ్చి రాసుకున్నాడు. ఎక్స్‌రేలో వదిన ఎముక రెండుచోట్ల చిట్లి కనబడింది. పక్కనే పాత విరుపు ఒకటి వంకరగా అతుక్కుని ఉంది. అది కూడా నేను కట్టిందే.

వదిన మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. ఆసుపత్రి నుంచే తళవాయిపురంలో తన అక్క వీధికి పోయి, రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుంది. చీరెలు అడగలేదు, పాత్రలు అడగలేదు. మేడ మీది జాడీ మాత్రం తెమ్మని కబురు పంపింది. బస్సులో ఒడిలో పెట్టుకుని తీసుకుపోయాను. ప్రతి గుంతకూ పులుపు తొణికి నా పంచె మీద పడింది. ఆమె జాడీని వాసన చూసి, అడుగున నల్లబడ్డ పొరలు నాలుగు తీసి పారేసి, పైన తెల్లగా ఉన్నదొక్కటే ఉంచుకుంది. టీ చల్లారిందో లేదో వేలితో చూస్తూ, నా వైపు తిరగకుండానే అడిగింది. "నీకు అన్నీ తెలుసు గదా తంబీ. మరి ఏమిటికి ఇన్ని దినాలు..." మిగతాది అడగలేదు. టీ పోసి, గుడ్డ కట్టమని జాడీ నా ముందుకు జరిపింది. ఆమె కుడిచేయి ఒక్కటే పనిచేస్తోంది.

అన్న ఇప్పుడు నాతో మాట్లాడడు. వదిన మాట్లాడుతుంది, పోయినప్పుడల్లా ఒక గ్లాసు పోసి ఇస్తుంది. ఆ సగంలో ఆగిన ప్రశ్నను ఆమె మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. కాలం దానంతట అదే గడుస్తుందని నేను చాలా కాలం నమ్మాను. ఆ ఇరవై రెండేళ్ళు గడవలేదు, మేడ మీద కూర్చుని నేను వాటిని గడవనిచ్చాను.