తలుపుల వంతు

రెండు నెలలకోసారి కేంద్ర బ్యాంకు గవర్నరు టీవీలో మాట్లాడతారు. ఆ రోజు వడ్రంగి పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, టీకొట్టులో టీవీకి ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుంటాడు. టీకొట్టు యజమానికీ అతనికీ చుట్టరికం లేదు. ఒకే వీధిలో ఉండి ఉండి బావా అంటే బావా అని పిలుచుకుంటారు.

"ఏం బావా, గవర్నరు గారు ఏమంటున్నారు? మా చెల్లెమ్మ ఎప్పుడొస్తుందో చెప్పారా?"

బల్ల మీద వాళ్లంతా నవ్వుతారు. వడ్రంగీ నవ్వుతాడు. కాని ఆ ప్రశ్నకు జవాబు ఆ టీవీలోనే ఉందని అతని నమ్మకం.

అతని భార్య దూరపు ఊళ్లో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తోంది. ఇంట్లో ఉన్నప్పుడు ఆమె కిటికీ పక్కన మిషను వేసుకుని కుట్టేది. ఆమె నడుము నొప్పి పుట్టకుండా ఎత్తు చూసి మరీ అతను ఒక పీట చేసిచ్చాడు. ఆ పీట ఇప్పటికీ కిటికీ పక్కనే ఉంది. ఎవరైనా వస్తే మంచం మీద కూర్చోమంటాడు గాని ఆ పీట చూపించడు.

ఇదంతా ధరలతో మొదలైంది. నూనె, గ్యాసు, గది అద్దె, ఒకదాన్ని చూసి ఒకటి ఎగబాకాయి. వాటికి కళ్లెం వెయ్యాలని కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచింది. వరసగా పెంచుకుంటూ పోయింది. అప్పుడే వడ్రంగికి పనిచ్చే బిల్డరు పనివాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "అప్పు ఖరీదైతే జనం చేతులు ముడుచుకుంటారు. కొనేవాళ్లు తగ్గితే ధరల దూకుడూ తగ్గుతుంది. మన ఖర్మేమిటంటే, జనం అందరికంటే ముందు మానుకునేది ఇల్లు కొనడం."

వడ్రంగి ఆ మాట చెవిన పెట్టలేదు. అప్పటికే లేచిన భవనాలన్నిటికీ తలుపులు కావాలి మరి. మట్టి తవ్వేవాళ్లు ఈగలు తోలుకుంటున్నా అతనికి తీరిక లేదు. దాదాపు ఏడాది తర్వాత చివరి భవనంలో చివరి తలుపు బిగించి కిందికి దిగాక గాని అతని వంతు వచ్చిందని తెలియలేదు. మర్నాడు ఎక్కడికి వెళ్లాలో తోచలేదు.

"నాలుగు నెలలే కదండీ," అని భార్య సంచీ సర్దుకుంది. ఏడాది దాటిపోయింది.

ఈలోగా టీ ధర మాత్రం పెరగలేదు.

"చూశావా బావా, నేను ధర పెంచలేదు!"

"గ్లాసు చిన్నది చేశావుగా."

"టీవీ వాళ్లు చెప్పేదీ అదే. ధరలు పెరగడం నెమ్మదించింది అన్నారు గాని, తగ్గాయని ఎవరన్నారు? తాగు, చల్లారిపోతుంది."

ఒకరోజు గవర్నరు వడ్డీ పావు శాతం తగ్గిస్తున్నాం అన్నారు. వడ్రంగి టీ సగంలో వదిలేసి బయటికి పరుగెత్తి ఫోను చేశాడు.

"వచ్చెయ్. తగ్గించారు!"

"పని దొరికిందా?"

"దొరికినట్టే అనుకో. ఇప్పుడే చెప్పారు టీవీలో."

ఆమె పని మానేస్తున్నానని సూపర్‌వైజరుకు చెప్పేసి, దొరికిన బస్సు పట్టుకుని వచ్చేసింది. పీట మీద దుమ్ము తుడిచి కూర్చుంది. అతను రోజూ పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్లడం, అది విప్పకుండానే తిరిగి రావడం చూస్తూ ఉంది. వీధి చివర ఖాళీ జాగాలో పని మొదలైన మాట నిజమే. కాని అక్కడ మేస్త్రి అతన్ని చూసి పగలబడి నవ్వాడు.

"ఇప్పుడే గదన్నా గుంత తీస్తున్నారు! పునాది లేవాలి, స్లాబులు పడాలి, గోడలు రావాలి. తలుపు దేనికి బిగిస్తావ్, గాలికా?"

వడ్డీ పెరిగినప్పుడు ఆ దెబ్బ తన దాకా రావడానికి ఏడాది పట్టింది. తగ్గితే మాత్రం ఒక్క పూటలో వచ్చేస్తుందని ఎలా అనుకున్నాడో అతనికే తెలియలేదు.

"తొందరపడి పిలిచాను," అన్నాడు ఆ సాయంత్రం.

ఆమె చీరలు మడతపెట్టి మళ్లీ సంచీలో సర్దుతోంది. "మీరు పిలుస్తారనే కాచుకుని ఉన్నానండీ నేను. పని దొరికిందా అని రెండోసారి అడగలేదు, చూశారా?"

ఫ్యాక్టరీ ఆమెను మళ్లీ తీసుకుంది గాని కొత్త మనిషి కింద తీసుకుంది. అక్కడ కిటికీ దగ్గర ఆమె కుట్టిన మిషను ఇంకొకరికి ఇచ్చేశారు. ఇప్పుడు ఇస్త్రీ ఆవిరి కొట్టే మూల కూర్చుంటోంది.

ఆ తర్వాత వడ్డీ ఇంకోసారి తగ్గింది. టీకొట్టులో అంతా అతని వంక చూశారు. అతను టీ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి పెట్టి, వీధి చివరికి నడిచాడు. అక్కడ రెండో స్లాబు పోస్తున్నారు. కాసేపు చూసి వచ్చేశాడు.

గోడలు లేచాక మేస్త్రే కబురు పెట్టాడు. "రా అన్నా, గుమ్మాలు నిలబెట్టాలి."

మూడో అంతస్తులో మొదటి గుమ్మం నిలబెట్టి, తూకం గుండు వేలాడదీసి నిటారుగా ఉందని చూసుకుని, వడ్రంగి దాని మధ్యలో నిలబడ్డాడు. ఇంకా తలుపు రెక్కల్లేవు. గాలి ఇటునుంచి అటు పోతోంది. భార్యకు భోజనాల వేళ అయ్యేదాకా ఆగి ఫోను చేశాడు.

"గుమ్మం నిలబెట్టాను."

"రెక్కలో?"

"ప్లాస్టరింగ్ అవ్వాలి. నేల పరచాలి. ఆ తర్వాత."

 వచ్చెయ్ అనే మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"ఈసారి నేను పిలవను. మొదటి తలుపు బిగించి, తెరిచి మూసి, ఆ చప్పుడు ఫోన్లో వినిపిస్తాను. అప్పుడు బయలుదేరు."

"అందాకా నేనేం వినాలి?" అని నవ్వబోయింది. నవ్వు సరిగా రాలేదు. "చిత్రిక దగ్గరుందా?"

"సంచీలో ఉంది."

"కొంచెం పట్టండి. ఆ చప్పుడు విని చాలా రోజులైంది."

అతను ఫోను గడప మీద పెట్టాడు. మిగిలిన చెక్క ముక్కొకటి తీసుకుని చిత్రిక పట్టసాగాడు. దానికి చిత్రిక అక్కర్లేదు, అప్పటికే నున్నగా ఉంది. పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా రాలి ఫోను మీద పడుతోంది. అవతల భోజనాల వేళ అయిపోయిందని గంట మోగింది. ఆమె ఫోను పెట్టెయ్యలేదు. అతనూ చెయ్యి ఆపలేదు.