మా అన్న తువ్వాల

మా అన్న బేతంచెర్ల బండలు తోలే లారీ డ్రైవరు. ఏ మాట మొదలుపెట్టాలన్నా ముందు భుజం మీది తువ్వాల తీసి, నుదుటి నుంచి మెడ దాకా నున్నటి బట్టతలను ఒకసారి తుడుస్తాడు. బండకు పాలిష్ పెట్టినట్టే ఉంటుంది.

ముప్పై దాటకముందే జుట్టంతా పోయింది. బండల దుమ్మే కారణమనుకున్నాం. కర్నూలు డాక్టరేమో, మగ హార్మోను అందరికీ ఉంటుందని, కొందరి వెంట్రుకల కుదుళ్లే దానికి తట్టుకోలేవని, ఆ గుణం వంశంలో దిగుతుందని చెప్పాడు. అన్నకు అందులో రెండే మాటలు వినిపించాయి.

"దుమ్ము కాదప్పా, మగ హార్మోను! నాకు శానా ఉండాదంట" అని ఊరంతా చెప్పుకున్నాడు.

వంశం అనే మాట మాత్రం నాకు గుబులు పెట్టింది. నా కొడుకు పుట్టువెంట్రుకలు తీసేనాడు వాణ్ని మేనమామ ఒడిలోనే కూర్చోబెట్టాలి కదా!

"అన్నా, నీ హార్మోను వానికి అంటకుండా రవ్వంత ఎడంగా పట్టుకో" అన్నాను.

క్షవరం అయ్యాక రెండు తలలూ పక్కపక్కనే మెరిశాయి. "అచ్చం మేనమామ పోలికే!" అని చుట్టాలంతా మురిసిపోయారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అన్న తువ్వాల తీసి ముందు వాడి గుండు, తర్వాత తన తల తుడిచాడు.

ఇప్పుడు వాడికి పెళ్లీడు. మొన్న అద్దం ముందు నిలబడి, నుదుటి మీది జుట్టు వెనక్కి పోతోందని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అన్నకు ఫోన్ చేశాను. సాయంత్రానికల్లా లారీ మా వాకిట్లో ఆగింది. అన్న దిగి, మేనల్లుడి నుదురు తేరిపార చూసి, కొత్త తువ్వాల వాడి భుజాన వేశాడు.

"ఏడ్సొద్దురా అల్లుడా. నుదుటికాడ మొదలుపెట్టి మెడకాడ ఆపు. యాడా తడి నిలవగూడదు."