సార్, నా పేరు పిలవలేదండి

ఆ రోజుల్లో మా చోడవరం వైపు టీచరమ్మలందరం చదువుకుంటూనే ఉండేవాళ్లం. బడిలో పిల్లలకి అ ఆలు దిద్దించి, ఇంటికొచ్చి పొయ్యి మీద ఎసరు పెట్టి, అది మరిగేలోపు పోస్టులో వచ్చిన పాఠాల కట్ట విప్పుకునేవాళ్లం. మిగతావాళ్లు ప్రమోషన్ కోసం చదివితే నేను మాత్రం ప్రేమ కోసం చదివాను. (కంగారు పడకండి, మా ఆయనకి తెలుసు.) డిగ్రీ అవగానే విశాఖపట్నం యూనివర్సిటీలో ఎమ్మే చరిత్రకి నాకు సీటొచ్చింది. ఆ నెలలోనే రావికమతం దగ్గర ఓ పల్లెలో ఎలిమెంటరీ టీచరు ఉద్యోగమూ వచ్చింది. "సీటు మళ్లీ వస్తాదమ్మా, ఉద్యోగం రాదు" అన్నారు మా నాన్న. ఆ మాట నమ్మి చాక్‌పీసు పట్టుకున్నాను. సీటు మళ్లీ రాలేదు. నాలుగేళ్లు పోయాక, పెళ్లయి ఓ పిల్ల పుట్టాక, అక్కడే కరెస్పాండెన్స్ కోర్సులో చేరాను. ఏడాదంతా పోస్టులో పాఠాలు, వేసవి సెలవుల్లో మాత్రం పది రోజులు అక్కడికి వెళ్లి కూచోవడం.

"అదే యూనివర్సిటీ, అదే డిగ్రీ, ఇంకేం కావాలి?" అని అందరూ ఓదార్చారు. నిజమే గానీ నాకు కావలసింది డిగ్రీ కాదు. ఆ పెద్ద గదిలో బెంచీ మీద నేను కూచుని ఉండాలి, మాస్టారు రిజిస్టరు తెరిచి నా పేరు పిలవాలి, నేను లేచి పలకాలి. అంతే నా కోరిక. రోజూ పొద్దున్నే ఊళ్లో పిల్లలందరి పేర్లూ గొంతు చించుకుని పిలిచే మనిషికి, ఒక్కసారి తన పేరు కూడా ఎవరైనా పిలిస్తే బాగుండునని ఉండదా?

ఆ యూనివర్సిటీ మీద ఈగ వాలినా నేను ఊరుకునేదాన్ని కాదు. ఇప్పటికీ ఊరుకోను. మా బడిలో దేశనాయకుల పటాల పక్కన యూనివర్సిటీ భవనం ఫోటో ఒకటి ఫ్రేము కట్టించి పెట్టాను. ఒకటో తరగతి గుంట ఒకత్తి దాన్ని చాలాసేపు చూసి, "టీచర్, అది మీ కన్నోరిల్లా?" అని అడిగింది. "అవునే" అన్నాను. (దాంతో నేను జమీందారు బిడ్డనని ఊళ్లో పుకారు పుట్టి, వంకాయలమ్మే ఆవిడ నాతో బేరమాడటం మానేసింది. చెప్పిన ధర ఇవ్వాల్సిందే.) వేరే యూనివర్సిటీలో చదివిన మా హెడ్మాస్టారు మా యూనివర్సిటీ లైబ్రరీని ఓ మాట అంటే వారం రోజులు ఆయనకి టీ ఇవ్వనివ్వలేదు. మా అమ్మాయి ఇంజనీరింగుకి వేరే ఊరి కాలేజీ ఎంచుకున్నప్పుడు రెండు పూటలు అన్నం మానేశాను. "అమ్మా, నువ్వక్కడ చదివింది ఏడాదికి పది రోజులే కదే!" అని అది నవ్వుతుంది. ఆ పది రోజుల విలువ దానికేం తెలుసు!

నేను చెప్పబోయేది రెండో ఏడాది క్లాసుల సంగతి. బట్టల సంచీ సర్దుకుంటుంటే మా అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "పది రోజులేటే! సొంత సెల్లెలి పెళ్లికెళ్లినా పది రోజులుండరు. పోస్టులో వచ్చిన సదువు పోస్టులోనే అయిపోదా?" అన్నారు. మూడేళ్ల కూతుర్ని ఆవిడ చేతికిచ్చి, వెనక్కి చూడకుండా బస్సెక్కి, విశాఖలో మా పిన్ని ఇంట్లో దిగాను.

తీరా వెళ్తే అదో పెద్ద హాలు. మా జిల్లా, పక్క జిల్లాల టీచర్లూ, గుమస్తాలూ, కానిస్టేబుళ్లూ వందలమంది. మాస్టారి గొంతు సగం మైకు తినేస్తే, మిగతా సగం ఫ్యాన్లు తినేసేవి. హాజరుకి ఓ కాగితం వరసలో తిప్పేవారు, సంతకం పెట్టి పక్కకి తోసేయడమే. సంతకానికి గొంతుండదు కదా! పేరు పిలవడం మాత్రం పక్క భవనంలో జరిగేది. అక్కడ రెగ్యులర్ పిల్లలకి పరీక్షల ముందరి ఆఖరి క్లాసులు. గొడుగు మాస్టారని (వానైనా ఎండైనా చంకలో గొడుగు ఉండాల్సిందేనట) ఒకాయన రోజూ ఒక్కొక్కరినీ ఇంటిపేరుతో సహా పిలిచేవారు. ఆ పిల్లలేమో ఆవలిస్తూ, కిటికీలోంచి చూస్తూ "ప్రెజెంట్ సార్" అనేవాళ్లు. వరండాలో నిలబడి వింటుంటే నాకు కడుపు మండిపోయేది. ఆ మాట నాకైతే ఎంత బాగా అనడం వచ్చో!

ఆఖరి రోజున ఇక ఉండలేకపోయాను. మా హాలు ఎగ్గొట్టి, గంజి పెట్టిన నేత చీర సర్దుకుని, ఆ గదిలోకెళ్లి చివరి బెంచీలో కూచున్నాను. పక్కనున్న పిల్ల గతుక్కుమని, "మేడమ్, ఇన్‌స్పెక్షనా అండీ?" అని గుసగుసగా అడిగింది. "కాదమ్మా, స్టూడెంట్నే" అన్నాను. నమ్మలేదు. తింటున్న జామకాయ సంచీలో దాచేసి నిటారుగా కూచుంది.

గొడుగు మాస్టారు వచ్చారు. అందరి పేర్లూ పిలిచారు. రిజిస్టరు మూసేశారు. నోరు మూసుకుని ఆ క్లాసు విని వచ్చేయాల్సిన దాన్ని, ఏం పుట్టిందో ఏమో, మా ఒకటో తరగతి పిల్లల్లాగే చెయ్యెత్తి లేచి నిలబడ్డాను.

"సార్, నా పేరు పిలవలేదండి!"

క్లాసంతా వెనక్కి తిరిగింది. మాస్టారు కళ్లజోడు సవరించుకుని, "ఎవరమ్మా మీరు?" అన్నారు.

"కరెస్పాండెన్సండి. చోడవరం నుంచి వచ్చేనండి. ఎలిమెంటరీ టీచర్నండి." బస్సులో సాధన చేసుకున్న నాజూకు తెలుగంతా ఆ క్షణాన ఎక్కడికి పోయిందో!

ముందు బెంచీల్లో కిసుక్కుమన్నారు. మాస్టారికీ నవ్వొచ్చినట్టుంది. "కరెస్పాండెన్స్ వాళ్ల పేర్లు ఇందులో ఉండవమ్మా. మీరూ టీచరే కదా, రిజిస్టర్లో లేని పిల్లాడొచ్చి పేరు పిలవమంటే మీ బడిలో ఏం చేస్తారు?" అన్నారు.

"పిలుస్తానండి."

"పిలుస్తారా?"

"చెరుకు నరికే రోజుల్లో అమ్మలు పనికెళ్లిపోతారండి. బడి ఈడు రాని బుల్లి పిల్లల్ని అక్కలు చంకనేసుకుని బడికి తెచ్చీస్తారండి. అందరివీ పిలిచి వాళ్లవి పిలవకపోతే ఏడుపండి. అందుకని ఆఖర్న వాళ్లవీ పిలిచేస్తానండి. రాయనండి. ఒట్టినే పిలుస్తానండి."

నవ్వులు ఆగిపోయాయి. మాస్టారు మూసిన రిజిస్టరు మళ్లీ తెరిచారు. "పూర్తి పేరు చెప్పండి" అన్నారు. చెప్పాను. ఆయన ఆఖరి వరస కింద, ఏమీ లేనిచోట వేలు పెట్టి, అక్కడ ఉన్నట్టే, మిగతావాళ్లని పిలిచిన గొంతుతోనే, ఇంటిపేరుతో సహా నా పేరు పిలిచారు.

ఎన్నేళ్ల ఎదురుచూపో అది! కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు కట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చుకుని, గది దద్దరిల్లేలా పలికాను.

"ప్రెజెంట్ టీచర్!"

క్లాసు గొల్లుమంది. జామకాయ పిల్లయితే బెంచీ కిందికి దూరిపోయింది. ఏం చెయ్యను, ఏళ్ల తరబడి పొద్దున్నే నా చెవిలో పడే మాట అదే, నోట్లోనూ అదే ఊడిపడింది. సిగ్గుతో చచ్చిపోయాను. మాస్టారు కూడా తనివితీరా నవ్వి, "నేనూ టీచర్నే కదమ్మా, తప్పేముంది. కూచోండి" అన్నారు. ఆ రోజు ఆయన చెప్పిన పాఠం ఒక్క ముక్క గుర్తులేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి అన్న మాట మాత్రం గుర్తుంది. "రేపు కూడా రండి. పిలుస్తాను."

పరుగున టెలిఫోన్ బూత్‌కి వెళ్లి పక్కింటివాళ్లకి ఫోన్ చేసి, అత్తగారిని పిలిపించాను. "ఇంకొక్క రోజు ఉండి వస్తానత్తయ్యా" అన్నాను.

"ఇంకో రోజేటి? క్లాసులైపోయేయి కదా? గుంట పొద్దుట్నించి వీధి గుమ్మంలోనే కూకుంది. అమ్మొస్తాదని అన్నం కూడా తిన్లేదు. మరి నీ ఇష్టం." (మా అత్తగారు "నీ ఇష్టం" అన్నాక ఇష్టమనేది ఏమీ మిగలదు.) ఈలోగా ఫోన్లో చిన్న గొంతు. "అమ్మా, బస్సెక్కీసేవా?"

"ఎక్కీసేనమ్మా" అన్నాను. ఫోన్ పెట్టేసి, కళ్లు తుడుచుకుని, నిజంగానే ఎక్కాను.

మర్నాడు ఆ క్లాసు వేళకి నేను మా పెరట్లో బట్టలుతుకుతున్నాను. కూతురు వీపు మీద ఉడుంపట్టు పట్టి వదలడంలేదు. ఉన్నట్టుండి నురగ చేతులతో లేచి నిలబడి, ఈసారి తప్పు లేకుండా, "ప్రెజెంట్ సార్" అన్నాను. వంటింట్లోంచి మా అత్తగారు తొంగి చూసి, "ఎవరితోనే మాటాడతన్నావు?" అన్నారు. "ఎవరితోనూ కాదత్తయ్యా" అని మళ్లీ బట్టల ముందు కూలబడ్డాను.

ఇప్పుడు రిటైర్మెంటుకి దగ్గరపడ్డాను. హాజరంటే ఫోనుకి ముఖం చూపించడమే, పేరు పిలిచేవాళ్లే లేరు. విశాఖ వెళ్లినప్పుడల్లా బస్సు కిటికీలోంచి ఆ భవనం కనపడేదాకా మెడ సాచి చూస్తాను. గంజి చీర కట్టుకుని చెయ్యెత్తిన ఆ పిచ్చిపిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ ఒక్క రోజూ ఉండిపోవాల్సింది అని గుండె పీకుతుంది కూడా. మాస్టారు ఆ మర్నాడు నా పేరు పిలిచారో లేదో నాకు తెలీదు. పిలిచే ఉంటారు. ఎవరూ పలక్కపోతే తలెత్తి చివరి బెంచీ వైపు చూసే ఉంటారు. అప్పుడు ఆ జామకాయ పిల్ల లేచి, బడికి రానివాళ్ల గురించి మా పిల్లలు చెప్పినట్టే, "ఊరెళ్లిపోయిందండి" అని చెప్పే ఉంటుంది.