చెప్పుకోలేని చోట నొప్పి

డిపోలో అతన్ని అందరూ గడియారం అంటారు. పద్దెనిమిదేళ్ళుగా పదకొండో నంబరు బస్సు నడుపుతూ ఒక్కరోజు ఆలస్యం చేసిన పాపాన పోలేదు. మనిషి మంచివాడే, కాకపోతే ఒళ్ళంతా పరువే. ఆ పరువు చివరికి ప్రాణం మీదికి తెచ్చింది. అతని ఒక్కడి ప్రాణం మీదికే అయితే ఇంత చెప్పుకోవలసిన పని లేదు.

నొప్పి మొదలై మూడేళ్ళయింది. పొత్తికడుపు అడుగున, కాళ్ళ మధ్య, లోపలెక్కడో. సీట్లో కూర్చున్న గంటకల్లా ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు మెలిపెట్టేది. మూత్రానికి వెళ్తే మంట, వెళ్ళకపోతే బరువు. భార్య దగ్గరికి వెళ్ళడం కూడా మానుకున్నాడు. ఎందుకో ఆవిడకి చెప్పలేదు. పాపం ఆవిడ తనలోనే ఏదో లోపం ఉందనుకుని ఏడాదిపాటు అద్దంలో వెతుక్కుంది.

డ్రైవర్లకి ఒక అలవాటుంది. డ్యూటీ ఎక్కే రెండు గంటల ముందునుంచీ నీళ్ళు ముట్టరు. దారిలో ఆగడానికి చోటుండదు, చోటున్నా టైముండదు. వచ్చినా బిగబట్టుకుని ఆఖరి స్టాపు దాకా లాగించేస్తారు. ఎవరెంతసేపు ఆపుకోగలరని టీ తాగే గదిలో పందేలు కూడా వేసుకుంటారు. ఆ పందెంలో గడియారం ఏనాడూ ఓడలేదు. గెలిచినందుకు భుజాలు తట్టించుకునేవాడు.

మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, "ఎక్కడండీ నొప్పి?" అని ఆయన గట్టిగానే అడిగాడు. తలుపు తీసే ఉంది. బయట బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు.

"నడుమండీ" అన్నాడు గడియారం.

అంతే, రెండేళ్ళు నడుముకి వైద్యం జరిగింది. ఎక్స్‌రేలు తీశారు, బెల్టు కట్టారు, నేల మీద పడుకోమన్నారు. నడుము నిక్షేపంలా ఉంది. నొప్పి మాత్రం తన చోట తాను పెరుగుతూనే ఉంది. అబద్ధం చెప్పి, ఆ అబద్ధానికి రెండేళ్ళు మందు మింగిన మహానుభావుణ్ణి ఇంకొకణ్ణి చూపించండి.

చివరికి పట్టేసింది భార్యే. "నాలుగు రోజులుగా కంచం చేత్తో పట్టుకుని నిలబడి తింటున్నారు. ఏం దాస్తున్నారో చెప్తారా, మీ అక్కకి ఫోన్ చెయ్యమంటారా?" అంది. లోకంలో అతను భయపడేది ఆ అక్కకే. గోడ వైపు తిరిగి, భార్యకి మొహం చూపించకుండా చెప్పాడు. విన్న ఆవిడకి ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. మర్నాడే పెద్దాసుపత్రికి లాక్కెళ్ళింది.

అక్కడున్నది లేడీ డాక్టరు. గడియారం గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు. భార్య చొక్కా పట్టుకుని ఆపింది. డాక్టరమ్మ నెరిసిన జుట్టు మనిషి. మెకానిక్కు ఇంజను గురించి అడిగినట్టు అన్నీ సూటిగా అడిగింది. నీళ్ళు తాగని సంగతీ బిగబట్టుకునే సంగతీ అప్పుడే బయటపడ్డాయి. పరీక్షలన్నీ చేయించి, వారం తర్వాత మళ్ళీ పిలిచింది.

"పుండు లేదు, రాయి లేదు, గడ్డ లేదు. అంతమాత్రాన నొప్పి అబద్ధమని కాదు. మీరు ఏళ్ళ తరబడి బిగించిన కండరాలు ఇప్పుడు వదలమన్నా వదలట్లేదు. అక్కడి నరాలు కూడా రేగిపోయి ఉన్నాయి" అంది.

"ఆపరేషన్ చేసి తీసేస్తే పోదా డాక్టరుగారూ?"

"ఏం తియ్యమంటారు? అక్కడ తీసెయ్యాల్సిందేమీ లేదు. ఎవరైనా కోస్తామంటే ఒప్పుకోకండి."

తర్వాత ఉన్న దారులు చెప్పింది. కండరాలని వదులు చేసే వ్యాయామాలున్నాయి, వారానికి రెండుసార్లు వచ్చి నేర్చుకోవాలి, నెలలు పడుతుంది, గంటల తరబడి కూర్చోకూడదు. నరాలని నెమ్మదింపజేసే మాత్ర ఉంది, రాత్రిపూట ఒక్కటే వేసుకోవాలి. ఈ రెండూ పనిచెయ్యకపోతే నరం దగ్గర ఇంజక్షన్, అది కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు.

"పూర్తిగా పోతుందని మాటివ్వను. చాలామందికి తగ్గుతుంది" అంది. "మాత్రతో మత్తుగా ఉంటుంది. నేను సరేననేదాకా బస్సు ముట్టుకోవద్దు. తేలికపని ఇమ్మని చీటీ రాసిస్తున్నాను."

ఆ చీటీ దగ్గరే వచ్చింది చిక్కంతా. డిపోలో తేలికపని అడిగినవాళ్ళ పేర్లు టీ గది పక్కన బోర్డు మీద అంటిస్తారు. పేరు, జబ్బు, ఎన్నాళ్ళు, అన్నీ. కిందటేడు ఒక పెద్దాయనకి మొలలని ఎక్కింది. రిటైరైన రోజు దండ వేసేటప్పుడు కూడా ఆయన్ని 'దిండు' అనే పిలిచారు. ఆ పేరు పెట్టింది గడియారమే. ఇప్పుడు తనకేం పేరు పెడతారో తలుచుకుంటేనే ముచ్చెమటలు పోశాయి. చీటీని నాలుగు మడతలు పెట్టి బీరువాలో బట్టల కింద తోసేశాడు. భార్య అడిగితే, "ఇచ్చాను, చూస్తామన్నారు" అన్నాడు.

వ్యాయామాలకి వెళ్ళాలంటే సెలవు కావాలి, సెలవుకి చీటీ కావాలి. ఇక మిగిలింది మాత్ర. రాత్రి ఒకటి మింగి పొద్దున్నే బస్సెక్కాడు. పది రోజులకి నొప్పి సగానికి దిగింది. మూడేళ్ళ తర్వాత ఇంట్లో ఈల వేశాడు. రాత్రిది సగం తగ్గిస్తే, పొద్దున ఇంకోటి మిగతా సగం తగ్గించదా అనుకున్నాడు. ఎవర్నీ అడగలేదు. అడిగితే వద్దంటారని అతనికి తెలుసు.

నొప్పి పోయింది. దానితోపాటు దారి కూడా ముక్కలు ముక్కలుగా పోవడం మొదలైంది. వంతెన ఎక్కినట్టు గుర్తుండేది, దిగినట్టు గుర్తుండేది కాదు. ఒకరోజు పచ్చలైటు పడ్డా కదలకుండా కూర్చున్నాడు. వెనకాల హారన్ల గోల వినపడితే, ఎవరికో తొందరగా ఉన్నట్టుందని తాపీగా అనుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా అదే బస్సులో ఉన్న కండక్టరు ముందుకొచ్చి మొహంలోకి చూశాడు.

"బావా, ఒంట్లో బాగుందా?"

"భేషుగ్గా ఉంది. నొప్పంటావా, జాడే లేదు."

"ఏం నొప్పి?"

"ఏం లేదులే."

నాలుగు రోజులు పోయాక ఒక సాయంత్రం బస్సు ఆఖరి స్టాపులో ఆగింది. జనం తిట్టుకుంటూ దిగారు. ఒక ముసలాయన కర్ర ఎత్తి అద్దం మీద కొట్టాడు. ఏమైందో గడియారానికి అర్థం కాలేదు. అందరూ వెళ్ళిపోయాక కండక్టరు వచ్చి ఇంజను మీద చతికిలబడ్డాడు.

"లైబ్రరీ స్టాపులో మూడుసార్లు గంట కొట్టాను బావా. నువ్వు ఆపలేదు. ఆ తర్వాత రెండు స్టాపుల్లోనూ ఆపలేదు."

"గంటా? ఎప్పుడు?"

కండక్టరు టిక్కెట్ల సంచి తీసి పక్కన పెట్టాడు. "బ్రేకు సరిగ్గా పడట్లేదని జనానికి అబద్ధం చెప్పాను. ఇవాళ్టికి కప్పిపుచ్చాను. రేపు నావల్ల కాదు."

గడియారం ఇంటికి నడిచే వెళ్ళాడు. బ్రేకుదే తప్పేమోనని దారంతా తనకి తాను చెప్పుకున్నాడు. ఇల్లు చేరేసరికి సగం నమ్మేశాడు కూడా.

కూతురు ముందుగదిలో పుస్తకం తెరుచుకుని కూర్చుంది. పదో తరగతి పిల్ల. బడి అయ్యాక లైబ్రరీకి వెళ్ళిన రోజుల్లో తండ్రి బస్సులోనే ఇంటికొస్తుంది. పుస్తకంలోంచి తలెత్తకుండానే అడిగింది.

"నాన్నా, నా మీద కోపమా?"

"ఎందుకమ్మా?"

"చెయ్యెత్తాను కదా. నన్నే చూశావు. ఆపుతావని రోడ్డు మీదికి దిగాను. నువ్వు నన్ను చూస్తూనే వచ్చేశావు నాన్నా. పక్కనున్నావిడ జడ పట్టుకుని వెనక్కి లాగింది." మోచెయ్యి ఎత్తి చూపించింది. తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. "నేనేం తప్పు చేశానో చెప్పు, మళ్ళీ చెయ్యను."

అతనికి ఆ పిల్ల గుర్తురాలేదు. ఎత్తిన చెయ్యీ గుర్తురాలేదు. కళ్ళు మూసుకుని ఎంత వెతికినా ఆ చోట ఏమీ లేదు. ఇంతకాలం నొప్పికి భయపడ్డాడు, నలుగురి నోళ్ళకి భయపడ్డాడు. ఇప్పుడు తన చేతులని చూసుకుంటే భయమేసింది.

బీరువా తెరిచి, బట్టలన్నీ కింద పారేసి, చీటీ తీసుకొచ్చాడు. అలికిడికి భార్య వచ్చింది. చీటీ చూసి అంతా అర్థమై, గోడకి చేరగిలబడింది.

"కాయితం తీసుకోమ్మా. నీ దస్తూరి బాగుంటుంది. డిపో మేనేజరుగారికి అర్జీ రాయాలి. నన్ను స్టీరింగు నుంచి తప్పించమని."

పిల్ల రాయడం మొదలుపెట్టింది. రెండు వరుసలు రాసి ఆగింది. "కారణం రాయాలి కదా. ఎక్కడ నొప్పి నాన్నా?"

"నడు..." అని నోరు దానంతటదే తిరిగింది. అక్కడే ఆపేశాడు. నొప్పి ఎక్కడో కూతురికి చెప్పాడు. మూడేళ్ళనుంచీ అని చెప్పాడు. పొద్దున కూడా మాత్ర మింగుతున్నానని చెప్పాడు. పిల్ల తల దించుకుని ఒక్కో మాటా రాసింది. మధ్యలో ఒకసారి చేత్తో కళ్ళు తుడుచుకుంది.

"రేపటి తేదీ వెయ్యనా?" అంది చివర్లో.

"వద్దు, ఇవాళ్టిదే వెయ్యి. ఇప్పుడే వెళ్ళి ఇచ్చేస్తాను" అన్నాడు. "రేపటిది వేస్తే రేపు పొద్దున మళ్ళీ బస్సెక్కేస్తాను."