నాలుగు మాటలకు తర్జుమా

"రేపు పొద్దున్నే కారొస్తుంది. నేను వెళ్తాను," అన్నారు మా ఆయన.

"కారొస్తే రానివ్వండి. మీరు ఎక్కరు."

"మన చర్చి అయ్యగారు స్వయంగా ఫోన్ చేసి పిలిచారే. గుడివాడ సభ అది. నన్ను కాదని ఎవరిని నిలబెడతారు?"

"ఎవర్నో ఒకర్ని నిలబెట్టుకుంటారు. బందరు నుంచి మీరే దిగాలా ఏంటి?"

"నీకు తెలీదు. మొన్న అవనిగడ్డలో జనం ఎలా లేచారో చూశావుగా. ముందు వరసలో చాప మీద నువ్వే ఉన్నావు."

చూశాను. చూశాను కాబట్టే వద్దంటున్నాను. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ ఆపుకున్నాను. పొయ్యి మీద పప్పు ఉడుకుతోందని వంక పెట్టుకుని లోపలికి పోయాను.

మా ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. కానీ ఊళ్ళో ఆయన్ని పంతులుగా ఎరిగినవాళ్ళకన్నా తర్జుమా చేసే సారుగా ఎరిగినవాళ్ళే ఎక్కువ. మా చర్చివాళ్ళు పెట్టే ఉజ్జీవ కూటాలకు కేరళ నుంచో మద్రాసు నుంచో ప్రసంగీకులు వస్తారు. వాళ్ళు ఇంగ్లీషులో ఒక మాట అంటే, పక్కన మరో మైకు పట్టుకుని ఈయన తెలుగులో అంటారు. ఇటు బందరు నుంచి అటు దివిసీమ చివరి పల్లెల దాకా ఆయన నిలబడని పందిరి లేదు.

ఆ ప్రసంగీకులందరికీ ఒకటే అలవాటు. ఒక మాట సరిపోయే చోట నాలుగు వాడతారు. ఇంక్రీజ్ అంటారు, ఎన్లార్జ్ అంటారు, మల్టిప్లై అంటారు, ఈమధ్య బూస్ట్ కూడా అంటున్నారు. జనాన్ని కదిలించాలంటే స్టర్, రౌజ్, కిండిల్, ఎక్సైట్. మూడో క్లాసుతో బడి మానేసి నాట్లకు వెళ్ళిన దాన్ని నేను. ఈ మాటలన్నీ నాకు నోటికి రావడానికి కారణం ఆయనే. సభకు ముందు రోజు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని ఒక్కో మాటా అనేవారు. దానికి తెలుగు ఏమనాలో వెతుక్కునేవారు.

"అన్నిటికీ పెంచు అంటే పోలా? ఎందుకండీ ఇంత దుబారా?" అనేదాన్ని. నాకు ఏదీ దండగ చేయడం ఇష్టం ఉండదు, మాటైనా సరే.

"పోదే. ఆయన మెట్టు మెట్టుకీ పైకెక్కుతుంటాడు. నేను కింద మెట్టు మీదే నిలబడి అదే మాట అంటే జనం ఎలా లేస్తారు?"

అందుకని ఇంక్రీజ్‌కి హెచ్చించు అనేవారు, ఎన్లార్జ్‌కి విశాలపరచు, మల్టిప్లైకి ఇంతలంతలు చేయి. బూస్ట్ అనే మాట బంటుమిల్లి వైపు రొయ్యల చెరువుల్లో చల్లే మందు సంచుల మీద కూడా ఉంటుందట. దానికి ఎగదోయి అనేవారు, పొయ్యిలో పుల్లలు ఎగదోసినట్టు. కిండిల్‌కి రాజేయి. ఎక్సైట్ దగ్గర మాత్రం ఎప్పుడూ తడుముకునేవారు. ఉద్రేకపరచు అంటే ఎన్నికల మీటింగులా ఉంటుందనీ, ఉత్తేజపరచు అంటే పల్లెల్లో ఆడవాళ్ళకు ఎక్కదనీ అనేవారు. ఏ ఊరికి ఏ మాటో ఊరు చూసి తేల్చుకునేవారు.

నిరుడు పక్షవాతం వచ్చింది. చెయ్యి తిరిగి స్వాధీనంలోకి వచ్చింది, నడుస్తున్నారు. ఇంగ్లీషు వింటే ఇప్పటికీ అర్థమవుతుంది. ఇంట్లో నాతో మాట్లాడే నాలుగు మాటలూ బాగానే మాట్లాడతారు. ఒక మాటకు ఇంకో మాట వెతుక్కోవడమే పోయింది. పోయిందని ఆయనకు తెలియదు.

అవనిగడ్డలో అదే జరిగింది. ప్రసంగీకుడు నాలుగు మాటలు నాలుగు రకాలుగా గొంతు పెంచుకుంటూ అన్నాడు. ఈయన నాలుగుసార్లూ అదే ఊపుతో, చెయ్యెత్తి, పెంచు, పెంచు, పెంచు, పెంచు అన్నారు. వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత పందిరంతా నవ్వింది. జనంలో కదలిక వచ్చిందనుకుని ఆయన ఇంకా గట్టిగా అన్నారు.

పప్పు దించి, పొయ్యి కట్టేసి, ఆయన ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"సరే. నేనే ప్రసంగీకుణ్ణి అనుకోండి. నేనన్నదానికల్లా తెలుగు చెప్పండి. మాట మార్చి చెప్పగలిగితే మీ చొక్కా నేనే ఇస్త్రీ చేసి పంపిస్తాను."

నవ్వి, నిటారుగా కూర్చున్నారు.

"ఇంక్రీజ్," అన్నాను.

"పెంచు."

"ఎన్లార్జ్."

రెండు చేతులూ బారజాపారు. అర్థం తెలుసు. "పెంచు," అన్నారు.

"మల్టిప్లై."

"పెంచు."

నాలుగోది అనడానికి నాకు నోరు రాలేదు.

"చూశావా? వస్తున్నాయి. మూడింటికీ మూడు చెప్పాను," అన్నారు. ముఖం వెలిగిపోతోంది.

ఇక దాచి లాభం లేదనిపించింది. ఇక్కడ దాస్తే గుడివాడలో మళ్ళీ అదే పందిరి, అదే నవ్వు.

"ఒక్కటే చెప్పారు. అవనిగడ్డలోనూ అంతే. ఆ రోజు జనం లేవలేదండీ. నవ్వారు."



"పిల్లలేగా?"

"పెద్దవాళ్ళు కూడా."

"అయ్యగారో?"

"తల దించుకున్నారు."

"నువ్వు?"

"నేను నవ్వలేదు."

ఓదార్చే మాటలు నాకు చేతకావు. డాక్టరు చెప్పినట్టు రోజూ మాటలు సాధన చేస్తే వస్తాయేమో అందామనుకున్నాను. చేయించాను కూడా, ఇన్ని నెలలు. రాలేదు. రాని దాన్ని వస్తుందని చెప్పడం ఇష్టం లేక ఊరుకున్నాను. అన్నం పెడితే సగం తిని లేచారు. ఆ మిగిలింది నేను తిన్నాను.

పొద్దున్నే కారు వచ్చింది. ఆయన స్నానం చేసి తెల్ల చొక్కా వేసుకుని ఉన్నారు గానీ గదిలోంచి బయటికి రాలేదు. నేనే గేటు దగ్గరికి వెళ్ళాను. వెనక సీట్లో టై కట్టుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో ఫైలు. ఎవరండీ అని డ్రైవర్ని అడిగితే, ఈ రోజు తర్జుమా చేసే సారు అన్నాడు. మరి మా ఆయన్ని ఎందుకు పిలిచారంటే, పెద్దాయన కదా, స్టేజీ మీద కూర్చోబెట్టి శాలువా కప్పుదామని అయ్యగారు అన్నారట.

ఒంట్లో బాగోలేదు, రారు అని చెప్పాను. అలాగేనండీ అని కారు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

లోపలికి వచ్చేసరికి ఆయన చొక్కా విప్పి మడత పెట్టి మంచం మీద పెట్టారు. కారులో ఎవరున్నారో అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇడ్లీ పెట్టాను. చట్నీ కావాలని వేలితో చూపించారు. వేశాను.